టన్నెల్ వైపు చూసే జనం

అమెరికాలో ఏ బాస్కెట్‌బాల్ అరీనాకి వెళ్ళినా లాకర్ రూమ్ నుంచి కోర్టులోకి ఒక దారి ఉంటుంది. దాన్ని టన్నెల్ అంటారు. సిమెంటు గోడలు, సామాన్ల పెట్టెలు, ఒక సెక్యూరిటీ మనిషి, భుజాన కెమెరా పెట్టుకున్న టీవీవాడు. అందులో చూడటానికేమీ ఉండదు, మామూలు రోజుల్లో ఎవరూ చూడరు కూడా. ప్లేఆఫ్స్ నడుస్తుండగా జట్టులో ముఖ్యమైనవాడికి దెబ్బ తగిలితే మాత్రం ఇరవై వేల తలలూ అటే తిరుగుతాయి. వస్తాడా? కుంటుకుంటూ అయినా వస్తాడా?

ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో తేదీతో సహా చెప్పొచ్చు. 1970 మే 8. న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అప్పటికి నేను పుట్టలేదు. బెజవాడలో ఇంటర్ కాలేజీ పోటీలకి ఆడిన రోజుల్లో ఎన్‌బీఏ అంటే నాకు మైఖేల్ జోర్డన్ పోస్టరు, అంతే. పెళ్ళయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి కాపురానికి వచ్చాక, 2007 వసంతంలో, ఎనిమిదో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్ వారియర్స్ 67 మ్యాచ్‌లు గెలిచిన డాలస్‌ని మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపింది. ఆ వారంలో నేను ఓక్‌లాండ్ జట్టు మనిషినైపోయాను. మా ఇంట్లో ఇప్పటికీ క్రికెట్ ఒక గది, బాస్కెట్‌బాల్ ఒక గది. అభిమానం పెరిగినకొద్దీ పాత కథలు వెతుక్కుంటాం కదా, అట్లా వెతుకుతుంటే అందరూ నన్ను తీసుకెళ్ళి నిలబెట్టింది ఆ మే 8 రాత్రి దగ్గరే.

న్యూయార్క్ నిక్స్ జట్టుకి అప్పటికి ఒక్క టైటిలూ లేదు. ఫైనల్స్‌లో ఎదురుగా లాస్ ఏంజిలెస్ లేకర్స్: విల్ట్ చాంబర్లిన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్. ప్లేఆఫ్స్‌లో ప్రతి సిరీసూ ఏడు మ్యాచ్‌లది, ముందు నాలుగు గెలిచినవాళ్ళు నెగ్గినట్టు. అయిదో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌లోనే నిక్స్ కెప్టెన్, సెంటర్ విల్లిస్ రీడ్ బంతి తీసుకుని లోపలికి దూసుకెళ్తూ కూలబడ్డాడు. కుడి తొడ కండరం చిరిగింది. ఆ మ్యాచ్ నిక్స్ ఎట్లాగో గెలిచారు. ఆరో మ్యాచ్ లాస్ ఏంజిలెస్‌లో. రీడ్ లేడు, చాంబర్లిన్‌ని ఆపే మనిషి లేడు. 45 పాయింట్లు, 27 రీబౌండ్లు. లేకర్స్ 135, నిక్స్ 113. సిరీస్ మూడు, మూడు.

ఏడో మ్యాచ్ రోజున రీడ్ ఆడతాడో లేదో గార్డెన్‌లో కూర్చున్నవాళ్ళెవరికీ తెలియదు. రెండు జట్లూ వార్మప్ చేస్తున్నాయి. రీడ్ లేడు. లోపల డాక్టరు అతని తొడలోకి మత్తు సూది గుచ్చుతున్నాడు. మ్యాచ్ ఇంకాసేపట్లో మొదలవుతుందనగా టన్నెల్‌లోంచి ఆ ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి కాలీడ్చుకుంటూ బయటికొచ్చాడు. గార్డెన్ ఒక్కసారిగా లేచింది. అటువైపు లేకర్స్ ఆటగాళ్ళు బంతులు చేత్తో పట్టుకుని, వార్మప్ ఆపేసి, అతన్నే చూస్తూ ఉండిపోయారని నిక్స్ గార్డు వాల్ట్ ఫ్రేజియర్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. మ్యాచ్ మొదలయ్యాక నిక్స్ వేసిన మొదటి రెండు బుట్టలూ రీడ్‌వే. ఆ తర్వాత అతను ఒక్క పాయింటు కూడా చేయలేదు. చేయనక్కర లేకపోయింది. నిక్స్ 113, లేకర్స్ 99. న్యూయార్క్‌కి మొదటి టైటిల్.

అమెరికాలో ఈ కథ తెలియని బాస్కెట్‌బాల్ అభిమాని ఉండడు. కోచ్‌లు పిల్లలకి చెబుతారు. ఎవరైనా కుంటుతూ కోర్టులోకి వస్తే కామెంటరీవాళ్ళ నోట రీడ్ పేరు దానంతటదే వస్తుంది. అయితే ఆ రాత్రి లెక్కల కాగితం తీసి చూస్తే ఇంకో కథ కనిపిస్తుంది. రీడ్ చేసినవి 4 పాయింట్లు, తీసినవి 3 రీబౌండ్లు. ఫ్రేజియర్ 36 పాయింట్లు చేశాడు, 19 అసిస్టులిచ్చాడు, 7 రీబౌండ్లు తీశాడు. ఏడో మ్యాచ్‌లో ఒక గార్డు అంతకంటే గొప్పగా ఆడింది నేనైతే చూడలేదు, చదవలేదు. అయిదో మ్యాచ్ సంగతీ అంతే. రీడ్ లోపలికి వెళ్ళిపోయాక, సగం ఆటకి 13 పాయింట్లు వెనకబడి, సెంటరే లేకుండా, పొట్టివాళ్ళందర్నీ కోర్టులో పెట్టి, తనకంటే ఎంతో ఎత్తయిన చాంబర్లిన్ మీదికి డేవ్ డిబుషేర్‌ని తోసి, 107-100తో గెలిచారు. టైటిల్ తెచ్చింది మిగిలినవాళ్ళు. జనం గుర్తు పెట్టుకున్నది టన్నెల్‌ని.

రీడ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతను రాకపోతే ఫ్రేజియర్ అట్లా ఆడేవాడా అంటే ఫ్రేజియరే కాదంటాడు. 1973లో నిక్స్ మళ్ళీ గెలిచినప్పుడు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు మళ్ళీ రీడే. కానీ మోకాళ్ళు అప్పటికే పోయాయి. 1971-72 సీజన్ మొత్తానికి అతను ఆడినవి 11 మ్యాచ్‌లు, 1973-74లో 19. ఆ తర్వాత ఆట మానేశాడు. అప్పటికి ముప్పై రెండేళ్ళు. ఈ ముక్క కథ చెప్పేవాళ్ళు చెప్పరు.

నిజానికి దెబ్బ తిన్న జట్టు అభిమాని దేని మీద ఆశ పెట్టుకోవాలో చెప్పే రాత్రి ఇంకొకటుంది. 1980 మే 16. ఈసారి దెబ్బ లేకర్స్‌కి. ఫిలడెల్ఫియాతో ఫైనల్స్. అయిదో మ్యాచ్‌లో కరీమ్ అబ్దుల్-జబ్బార్ చీలమండ మెలికపడింది. అతను కట్టు కట్టించుకుని తిరిగొచ్చి 40 పాయింట్లతో ఆ మ్యాచ్ గెలిపించాడు గానీ ఆరో మ్యాచ్‌కి ఫిలడెల్ఫియా వెళ్ళలేకపోయాడు. లాస్ ఏంజిలెస్‌లో ఇంట్లోనే ఉండిపోయాడు. జట్టు విమానంలో ముందు వరస సీటు కరీమ్‌ది, ఇంకెవరూ కూర్చోరు. ఆరోజు దాంట్లో వెళ్ళి కూర్చున్నది మ్యాజిక్ జాన్సన్. ఇరవయ్యేళ్ళవాడు, లీగ్‌లో అదే మొదటి సంవత్సరం, ఆడేది పాయింట్ గార్డు. కోచ్ పాల్ వెస్ట్‌హెడ్ అతన్ని సెంటర్‌గా దింపాడు. మ్యాజిక్ 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులు. పద్నాలుగు ఫ్రీ త్రోలు వేస్తే పద్నాలుగూ పడ్డాయి. జమాల్ విల్క్స్ ఇంకో 37. లేకర్స్ 123-107తో గెలిచి కప్పు పట్టుకుని ఇంటికొచ్చారు. ఆ మ్యాచ్‌ని అమెరికాలో చాలా ఊళ్ళలో టీవీవాళ్ళు లైవ్‌గా చూపించనే లేదు, రాత్రి వార్తల తర్వాత రికార్డింగ్ వేశారు. మహా ఘట్టాన్ని అర్ధరాత్రి ప్రోగ్రాం చేశారన్నమాట. రీడ్ కథకున్న పేరులో సగం ఈ కథకి లేకపోవడానికి అదొక కారణమనుకుంటాను. ఇంకో కారణం, ఇందులో టన్నెల్ లేదు.

1988లో అదే లేకర్స్ మీద డెట్రాయిట్ కెప్టెన్ ఐజయా థామస్ చీలమండ మెలితిరిగిన కాలితో మూడో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 25 పాయింట్లు చేశాడు. ఫైనల్స్‌లో ఒక క్వార్టర్‌కి అది రికార్డు. డెట్రాయిట్ ఆ మ్యాచ్ 103-102తో ఓడింది. ఏడోదీ ఓడింది. మరుసటి ఏడు డెట్రాయిట్ లేకర్స్‌ని 4-0తో ఊడ్చేసినప్పుడు తొడ కండరాలు పట్టేసి కూర్చున్నది లేకర్స్ గార్డులు, మ్యాజిక్, బైరన్ స్కాట్. దానికి ముందు 1987లో బోస్టన్ ఆటగాడు కెవిన్ మెక్‌హేల్ పాదంలో ఎముక విరిగితే ఆ పాదంతోనే ఫైనల్స్ దాకా ఆడాడు. బోస్టన్ ఓడింది. మెక్‌హేల్ నడక ఆ తర్వాత మునుపటిలా లేదు.

వీళ్ళంతా ఎందుకు ఆడతారని మా అమ్మ అడుగుతుంది. కాలేజీలో ఒకసారి నా మోకాలు వాచింది. మా పీడీ గారు స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, నా మొహంలోకి చూసి, "ఆడగలవా అమ్మా?" అన్నారు. వెనక తొమ్మిదిమంది పిల్లలు నిలబడి వింటున్నారు. గ్యాలరీలో మా కాలేజీ వాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్నకి "లేదండీ" అనే జవాబు ఉందని నాకు ఆ వయసులో తట్టనే లేదు. కప్పు కూడా లేని ఒక జిల్లా స్థాయి మ్యాచ్‌కే అట్లా అనిపించిందంటే, ఇరవై వేలమంది లేచి నిలబడి ఉన్నచోట, కోట్లమంది టీవీల ముందు ఉన్నప్పుడు, ఆ ప్రశ్న అడగడమూ ఒకటే, ఆడమనడమూ ఒకటే.

అభిమానుల ఆశ అప్పులవాడి తగాదాగా మారిన ఊరు షికాగో. డెరిక్ రోజ్ ఆ ఊరివాడే. ఇంగిల్‌వుడ్ పేటలో పెరిగి, సొంత ఊరి జట్టుకే ఆడి, 2011లో 22 ఏళ్ళకి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అంత చిన్న వయసులో ఆ బహుమతి ఎవరికీ రాలేదు. 2012 ఏప్రిల్ 28న ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్. షికాగో 12 పాయింట్ల ముందుంది, ఇంకా నిమిషమున్నర కూడా లేదు. రోజ్ లోపలికి వెళ్ళి, రెండు కాళ్ళూ ఒకేసారి ఆనించి, గాల్లోకి లేచాడు. ఎడమ మోకాట్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. గెలిచిన మ్యాచ్‌లో అతన్ని ఇంకా కోర్టులో ఎందుకు ఉంచారని కోచ్ టామ్ తిబడోని ఇప్పటికీ తిడతారు. మొదటి స్థానంలో ఉన్న షికాగో ఎనిమిదో స్థానం జట్టు చేతిలో 4-2తో ఓడిపోయింది.

తర్వాతి సంవత్సరం వార్మప్‌లో రోజ్ బంతి వేయడం చూసి జనం రోజూ లెక్కలు కట్టారు. 2013 మార్చిలో డాక్టర్లు ఆడొచ్చన్నారని వార్త బయటికొచ్చింది. రోజ్ తన కాలు ఇంకా సిద్ధంగా లేదన్నాడు. అంతే, నిన్నటిదాకా దండలు వేసినవాళ్ళే పిరికివాడన్నారు. ఆ ప్లేఆఫ్స్‌లో షికాగో జట్టు చూస్తే ఆసుపత్రి వార్డు. జోకిమ్ నోవా అరికాలి నొప్పితో ఆడాడు. లువాల్ డెంగ్ ఆసుపత్రిలో చేరాడు. కర్క్ హైన్రిక్ పిక్క పట్టేసింది. పొట్టి నేట్ రాబిన్సన్ జ్వరంతో బెంచ్ పక్కన చెత్తబుట్టలో వాంతి చేసుకుని మళ్ళీ కోర్టులోకి వెళ్ళాడు. ఈ జట్టే బ్రూక్లిన్‌ని దాని సొంత కోర్టులో ఏడో మ్యాచ్‌లో ఓడించింది. తర్వాత మయామీలో లెబ్రాన్ జట్టు మీద మొదటి మ్యాచ్ కూడా గెలిచింది. షికాగో అభిమాని తలెత్తి చూసుకోవలసిన నెల అది. సగం మంది ఆ నెలంతా సూటు వేసుకుని బెంచ్ మీద కూర్చున్న రోజ్‌ని చూస్తూ గడిపారు. రోజ్ ఆ శరదృతువులో తిరిగొచ్చాడు. నవంబర్‌లో రెండో మోకాలు పోయింది.

ఇక మా సంగతి.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి: ఎదుటివాళ్ళ దెబ్బల వల్ల మా వారియర్స్‌కి కలిసొచ్చినంత ఇంకెవరికీ రాలేదు. 2015లో నలభై ఏళ్ళ తర్వాత టైటిల్ గెలిచాం. అప్పటికి క్లీవ్‌లాండ్‌లో కెవిన్ లవ్ భుజం మొదటి రౌండ్‌లోనే జారింది, కైరీ అర్వింగ్ మోకాలి చిప్ప ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనే విరిగింది. అయినా మాథ్యూ డెల్లవెడోవా అనే ఆస్ట్రేలియా కుర్రాడు నేలమీద పడి బంతులు ఏరుకుంటూ, లెబ్రాన్ అన్నీ తానై ఆడుతూ, మమ్మల్ని 2-1తో వెనక్కి నెట్టారు. మరుసటి ఏడు లెబ్రాన్, లవ్, అర్వింగ్ ముగ్గురూ ఆరోగ్యంగా వచ్చి 3-1 నుంచి మమ్మల్ని ఓడించారు. 2018లో హ్యూస్టన్ మా మీద 3-2తో ముందుండగా క్రిస్ పాల్ తొడ కండరం పట్టేసింది. మిగిలిన రెండు మ్యాచ్‌లూ మావే. ఏడో దాంట్లో హ్యూస్టన్ వేసిన త్రీ పాయింటర్లు వరసగా 27 తప్పాయి. కాబట్టి 2019లో మా వంతు వచ్చినప్పుడు ఏ ఊళ్ళోనూ ఎవరూ కన్నీరు పెట్టలేదు.

2019 మే 8. తేదీ చూడండి, రీడ్ టన్నెల్‌లోంచి వచ్చి సరిగ్గా 49 ఏళ్ళు. హ్యూస్టన్‌తో అయిదో మ్యాచ్‌లో కెవిన్ డ్యూరాంట్ ఒక షాట్ వేసి, కిందికి దిగి, రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూశాడు, ఎవరో కాలి మీద తన్నినట్టు. వెనక ఎవరూ లేరు. అట్లా వెనక్కి చూడటం అకిలిస్ తెగినప్పుడు ఆటగాళ్ళు చేసే పని. మేమంతా ఊపిరి బిగబట్టాం. పిక్క కండరం మాత్రమే అన్నారు. పిక్కలోని కండరాలు కిందికి దిగి ఒక్క పలుపుగా మారి మడమ ఎముకని పట్టుకుంటాయి, ఆ పలుపే అకిలిస్ టెండన్. పైది బలహీనపడితే భారం కిందిదాని మీద పడుతుంది. ఇదంతా మాకు ఆ నెలలోనే తెలిసింది. బే ఏరియాలో ఆ నెలరోజులు ప్రతివాడూ కాలి డాక్టరే.

డ్యూరాంట్ లేకుండానే హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్ గెలిచాం. స్టెఫ్ కర్రీ మొదటి సగంలో సున్నా, రెండో సగంలో 33. పోర్ట్‌లాండ్‌ని 4-0తో పంపేశాం. అంటే మ్యాజిక్ కథ మా కళ్ళముందే నడుస్తోంది. మేం మాత్రం డ్యూరాంట్ ఎప్పుడొస్తాడనే అడుగుతున్నాం. లీగ్ నిబంధన ప్రకారం ప్రతి జట్టూ మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం 5 గంటలకల్లా గాయాల జాబితా ఇవ్వాలి. ఒక్కో పేరు ఎదురుగా ప్రాబబుల్, క్వశ్చనబుల్, డౌట్‌ఫుల్, అవుట్ అని ఉంటుంది. ఆ నాలుగు ముక్కల్ని మేం పంచాంగం చదివినట్టు చదివాం. ఆఫీసులో, పిల్లల స్విమ్మింగ్ క్లాసు బయట, పెళ్ళి రిసెప్షన్లలో అదే మాట.

టొరంటోతో ఫైనల్స్. రెండో మ్యాచ్‌లో క్లే థామ్సన్ తొడ పట్టేసింది, కెవోన్ లూనీకి ఛాతీ దగ్గర దెబ్బ తగిలింది. మూడో మ్యాచ్‌లో కర్రీ ఒక్కడే 47 పాయింట్లు చేసినా ఓడాం. నాలుగోదీ ఓడాం. 3-1. మావారి మేనత్త గారు అప్పుడు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆవిడకి బాస్కెట్‌బాల్ తెలియదు, క్లే మొహం నచ్చింది, "పాపం, నోట్లో నాలుక లేని కుర్రాడే" అనేవారు. లివర్మోర్ గుళ్ళో అతని పేరున అర్చన చేయించారు. పూజారి గారు గోత్రం అడిగితే ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు: "తెలియనివాళ్ళకి కాశ్యపే కదండీ, కాశ్యప గోత్రం, క్లే నామధేయస్య అనండి."

జూన్ 10, టొరంటో. డ్యూరాంట్ వచ్చాడు. మన దేశంలో అప్పుడు మర్నాడు పొద్దున్నే. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు ట్యూషన్ ఎగ్గొట్టి చూస్తున్నాడని తర్వాత తెలిసింది. డ్యూరాంట్ పన్నెండు నిమిషాలు ఆడాడు, 11 పాయింట్లు, మూడు త్రీలు వేస్తే మూడూ పడ్డాయి. నేను సోఫాలోంచి లేచి నిలబడే ఉన్నాను. రెండో క్వార్టర్ మొదట్లో టొరంటో ఆటగాడు ఇబాకా ముందు బంతి కొడుతూ కుడికాలు వెనక్కి ఆనించాడు. పిక్క కింద చర్మం అల పారినట్టు కదలడం స్లో మోషన్‌లో కనిపించింది. ఈసారి అకిలిసే. టొరంటో జనంలో కొందరు చప్పట్లు కొట్టారు, చేతులూపి వీడ్కోలు చెప్పారు. వాళ్ళని ఆపింది ఎవరో కాదు, టొరంటో ఆటగాళ్ళే, కైల్ లౌరీ, ఇబాకా, డానీ గ్రీన్. ఆ మ్యాచ్ మేం 106-105తో గెలిచాం. గెలిచిన జట్టు జనరల్ మేనేజర్ బాబ్ మయర్స్ మైకు ముందు కూర్చుని ఏడుస్తూ, తప్పు పట్టాలంటే నన్నే పట్టండి అన్నాడు. ఆయన ఒక్కడిదే ఎందుకవుతుంది? నెలరోజులు అతని పిక్క గురించే మాట్లాడిన మా అందరిదీ.

మూడు రోజుల తర్వాత ఓక్‌లాండ్‌లో ఆరో మ్యాచ్. ఓరకిల్ అరీనాలో వారియర్స్‌కి అదే ఆఖరి మ్యాచ్. 1966లో కట్టిన ఆ గుండ్రటి కాంక్రీటు కట్టడంలో 1971 నుంచి ఆడుతున్నారు. 1975 టైటిల్ ఫైనల్స్ మాత్రం అక్కడ ఆడలేకపోయారు, ఆ తేదీలు ఐస్ షోకి ఇచ్చేశారట, ఊరవతల కౌ ప్యాలెస్‌లో సర్దుకున్నారు. జట్టు మీద ఊరికి ఎంత నమ్మకం ఉండేదో దాన్ని బట్టి ఊహించండి. బార్ట్ రైలు దిగి కొలీజియం స్టేషన్ నుంచి పాదచారుల వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా టీషర్టులవాళ్ళు, ఉల్లిపాయలు వేగే వాసన. శరత్కాలం నుంచి జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్త భవనానికి వెళ్ళిపోతోంది, మా జీతాలకి అందని టికెట్లతో.

మూడో క్వార్టర్ చివరికి క్లే 30 పాయింట్లు చేశాడు. బంతి బుట్టలో గుద్దడానికి గాల్లోకి లేచినప్పుడు డానీ గ్రీన్ అడ్డం వచ్చాడు. దిగేటప్పుడు ఎడమ మోకాలు తేడాగా వంగింది. ఇద్దరు పట్టుకుని టన్నెల్‌లోకి నడిపించుకెళ్ళారు. ఒక నిబంధన ఉంది: ఫౌల్ తగిలినవాడు తన ఫ్రీ త్రోలు తనే వేయకపోతే మళ్ళీ ఆ మ్యాచ్‌లోకి రాకూడదు. లోపల అది చెప్పారు. క్లే వెనక్కి తిరిగాడు. ఆ టన్నెల్‌లోంచి అతను ఒక్కడే జాగింగ్ చేస్తూ రావడం, పందొమ్మిది వేలమంది గొంతు చించుకోవడం, టీవీలో ఆ మోతకి మా ఇంటి గాజు తలుపులు అదిరాయి. రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. రెండూ పడ్డాయి. డిఫెన్స్‌కి పరిగెత్తి వెనక్కి కూడా వెళ్ళాడు. రీడ్ కథలో ఏమేం ఉన్నాయో అన్నీ ఉన్నాయి, పైగా ఏసీఎల్ తెగిపోయి ఉంది. 114-110తో ఓడిపోయాం. టొరంటోకి అది మొదటి టైటిల్.

తర్వాతి సీజన్ మాది 15 గెలుపులు, 50 ఓటములు, లీగ్‌లో ఆఖరి స్థానం. డ్యూరాంట్ బ్రూక్లిన్ వెళ్ళిపోయాడు. క్లే మోకాలు బాగుపడుతుండగా 2020 నవంబర్‌లో రెండో కాలి అకిలిస్ తెగింది. అప్పుడు మేం ఇంక ఎప్పుడొస్తాడని అడగలేదు. అడిగే ఓపిక లేదు. జట్టు కూడా తొందరపడలేదు. 2022 జనవరి 9న క్లీవ్‌లాండ్ మీద అతను మళ్ళీ కోర్టులోకి దిగేటప్పటికి 941 రోజులు గడిచాయి. మొదటి సగంలోనే డిఫెండర్ల మధ్య నుంచి ఎగిరి బంతిని బుట్టలోకి గుద్దాడు. గుంటూరుకి వీడియో కాల్ చేస్తే మేనత్త గారు, "చూశావా, కాశ్యప గోత్రమే" అన్నారు. ఆ జూన్‌లో బోస్టన్‌ని 4-2తో ఓడించి మళ్ళీ టైటిల్ గెలిచాం. నాకు తెలిసి అభిమానుల ఆశకి పూర్తి ఫలం దక్కిన సందర్భం అదే. అది దక్కింది రెండున్నరేళ్ళు ఎవరూ అతన్ని టన్నెల్‌లోంచి లాగనందువల్ల.

ఇంత జరిగాక మనుషులు నేర్చుకుంటారనుకుంటాం. 2025 ప్లేఆఫ్స్‌లో ముగ్గురికి అకిలిస్ తెగింది: మిల్వాకీ డేమియన్ లిల్లార్డ్‌కి, బోస్టన్ జేసన్ టేటమ్‌కి, ఇండియానా టైరీస్ హాలిబర్టన్‌కి. మా కర్రీకి కూడా మిన్నెసోటాతో మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసింది. ఆ మ్యాచ్ గెలిచి, తర్వాతి నాలుగూ ఓడి, సెలవు తీసుకున్నాం. కర్రీని మాత్రం కుంటుతూ దింపలేదు, దానికి నా దండం.

మా తమ్ముడు ఇండియానాపోలిస్ పక్కన ఫిషర్స్‌లో ఉంటాడు. ఇండియానా పేసర్స్ ఎన్‌బీఏలోకి 1976లో వచ్చింది. డబ్బుల్లేక మూతపడబోతుంటే 1977లో టీవీలో గంటలకొద్దీ కార్యక్రమం పెట్టి, సీజన్ టికెట్లు కొనమని ఊరిని బతిమాలి జట్టుని నిలబెట్టుకున్నారు. ఎన్‌బీఏ టైటిల్ ఒక్కటీ లేదు. 1999లో సిరీస్ మధ్యలో ప్యాట్రిక్ యూయింగ్ గాయంతో తప్పుకున్న న్యూయార్క్ చేతిలో ఓడిపోయినవాళ్ళు, అవతలివాడి గాయం కూడా వాళ్ళకి కలిసిరాలేదు. అట్లాంటి జట్టు 2025లో ఓక్లహోమా సిటీతో ఫైనల్స్ ఆడుతోంది. అయిదో మ్యాచ్‌లో హాలిబర్టన్ పిక్క పట్టేసింది. మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఆడతాడక్కా. ఎంఆర్ఐ తీశారు. ఆడతాడు."

"పిక్కరా అది. డ్యూరాంట్‌కీ పిక్కే."

"నువ్వు అపశకునం మాట్లాడకు. యాభై ఏళ్ళుగా చూస్తోంది ఈ ఊరు."

నేనేం మాట్లాడను? వాడి చోట నేనుంటే అదే అనేదాన్ని. ఆరో మ్యాచ్‌లో హాలిబర్టన్ ఆడాడు, 14 పాయింట్లు, ఇండియానా 108-91తో గెలిచింది. జూన్ 22న ఏడో మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీలు వేసి 9 పాయింట్లు చేశాడు. నాలుగో సారి బంతి తీసుకుని ముందుకి అడుగు వేయబోయి పడిపోయాడు. అరచేత్తో నేలని కొడుతూ ఉండిపోయాడు. మిగిలినవాళ్ళు సగం ఆటకి 48-47తో ముందున్నారు, టీజే మెకానెల్ అనే పొట్టి గార్డు మూడో క్వార్టర్‌లో 12 పాయింట్లు చేశాడు. చివరికి 103-91తో ఓడారు. హాలిబర్టన్ తర్వాత తాను చేసినదానికి విచారం లేదని, మళ్ళీ ఆ అవకాశమొస్తే మళ్ళీ ఆడతానని రాశాడు. అతని మాట నమ్ముతాను. ఆటగాడు ఎప్పుడూ అదే అంటాడు, అందుకే ఆ నిర్ణయం ఆటగాడికి వదలకూడదని నా పట్టుదల. డాక్టరు వద్దంటే కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టాలి, యజమాని కోచ్‌కి అండగా ఉండాలి, మనం నోరు మూసుకోవాలి. ఈ మూడింటిలో మన చేతిలో ఉన్నది ఆఖరిదే.

ఓటమి అయిన మర్నాడు తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు వాడే చేసి, హాలిబర్టన్ గురించి ఒక్క ముక్క అనకుండా, మెకానెల్ గురించి అరగంట మాట్లాడాడు. జూలైలో పేసర్స్ ఒక ప్రకటన చేసింది: హాలిబర్టన్ 2025-26 సీజన్ మొత్తం ఆడడు. మార్చికి చూద్దామనలేదు, ప్లేఆఫ్స్‌కి ఆలోచిద్దామనలేదు. ఇన్నేళ్ళలో గాయాల గురించి నేను విన్న ప్రకటనల్లో అంత తెలివైనది ఇంకోటి లేదు. తమ్ముడు ఆ నెలలోనే సీజన్ టికెట్లు రెన్యూ చేశాడు.